అల్ రువైస్ యార్డులో బారసాల

అల్ రువైస్‌లో మినీ బస్సు మమ్మల్ని దించేటప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆగస్టు నెల. దోహా నుంచి ఉత్తరానికి గంటంబావు ప్రయాణం. రోడ్డు గీత గీసినట్టు ఉంది. రెండు వైపులా ఇసుక, రాయి, కరెంటు స్తంభాలు. చూడాల్సింది పెద్దగా లేదు కాబట్టి చూడటం తొందరగా అయిపోయింది. బస్సు దిగగానే కళ్లద్దాల మీద ఆవిరి పట్టింది. తుడిచాను. మళ్లీ పట్టింది. తుడవటం మానేశాను. ఆ పోస్టింగులో నా మొదటి వ్యూహాత్మక నిర్ణయం అదే.

నేను భారత సైన్యంలో సిగ్నల్స్‌లో చేసి హవల్దారుగా రిటైరైనవాణ్ణి. మంచులో నిలబడ్డవాడు ఎండలోనూ నిలబడగలడని నమ్మిన ఒక సెక్యూరిటీ కంపెనీ నన్ను రెండేళ్ల కాంట్రాక్టు మీద ఖతర్ తీసుకొచ్చి, రువైస్ రేవు పక్కన ఒక యార్డుకి షిఫ్ట్ ఇన్‌చార్జిని చేసింది. విజయనగరంలో మావాళ్లు ఇప్పటికీ మంచుకొండల గురించే అడుగుతారు. నేను రువైస్ గురించి చెబుతాను. వాళ్ల మొహాల్లో కొంచెం నిరాశ కనబడుతుంది. అలవాటైపోయింది.

యార్డుకి మూడు వైపులా ఇనప కంచె, నాలుగో వైపు సముద్రం. లోపల కంటైనర్ల వరసలు, ఒక కోల్డ్ స్టోరేజీ, చివర్న చిన్న జెట్టీ. అవతలి తీరం నుంచి చెక్క పడవల్లో పుచ్చకాయలు, గొర్రెలు వచ్చేవి. గొర్రెలు దిగిన రోజు గాలి ఎటు వీస్తోందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లం. గేటు దగ్గర రేకుల క్యాబిన్, అందులో ఒక ఏసీ. గది చల్లబరచటం కన్నా తను పనిచేస్తున్నట్టు అందరికీ వినిపించటం మీద దానికి శ్రద్ధ ఎక్కువ.

మనిషికి ఇచ్చిన సామాను: మెరిసే పసుప్పచ్చ జాకెట్టు, టోపీ, టార్చి, రేడియో సెట్టు, నీళ్ల డబ్బా. ఆయుధాలు లేవు. శత్రువు కూడా లేడు కాబట్టి సరిపోయింది.

ఆర్డర్లు మాత్రం ఉన్నాయి. దోహాలో అల్ సద్ ఆఫీసులో కూర్చునే ఆపరేషన్స్ మేనేజరు, ఇంగ్లండ్ సైన్యంలో మేజరుగా చేసి దిగినాయన, వాటిని రాసి, ప్లాస్టిక్ తొడిగించి క్యాబిన్ గోడకి కొట్టించాడు. గేటు ఖాళీగా ఉండకూడదు. పోస్టులో ఫోన్ వాడకూడదు. చెల్లుబాటయ్యే పాస్ లేనివాడు ఎవడైనా సరే లోపలికి రాకూడదు, నాతో సహా. ఏ మతం గార్డుకైనా ప్రార్థనకి పావుగంట రిలీఫ్ ఇవ్వాలి. ఈ చివరిది రాసేటప్పుడు ఆయన మనసులో ఏ మతాలున్నాయో నాకు తెలియదు. ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

ఛాతీ మీద బ్యాడ్జి. పాస్‌పోర్టులో చివర ఏ పేరుంటే అదే దాని మీదికి ఎక్కుతుంది. నాది ఇంటిపేరు ఎక్కింది. మా ఇంటిపేరు గేదెల. మా జిల్లాలో అది గౌరవనీయమైన ఇంటిపేరు. జగిత్యాల నుంచి వచ్చిన మల్లేశుకి మాత్రం ఆ రెండేళ్లూ అదే వినోదం. అతనిది కంట్రోల్ రూమ్ డ్యూటీ. యార్డు కెమెరాలన్నీ అతని ముందే ఉంటాయి.

“గేదెల సార్, గేదెల సార్, కంట్రోల్.”

“పేరు ఒక్కసారి చాలు మల్లేశూ.”

“రెండుమాట్లు పిలవాలె అని మీరే నేర్పిండ్రు గద సార్.”

నిజమే. నేర్పించాను.

గేటు మీద ఉండేది క్వాబెనా. ఘనా దేశం, కుమాసీ నగరం దగ్గర పల్లె. ముప్పై దాటలేదు. మనిషి తలుపంత ఉంటాడు. గొంతు మాత్రం లైబ్రరీలో మాట్లాడినట్టు. జెట్టీ మీద ఉండేది వాంజిరు, కెన్యా అమ్మాయి. ఆమె చేతికి పాస్ ఇస్తే పాస్ కూడా కొంచెం సర్దుకుని నిలబడేది. వీళ్లిద్దరితో నా మాటలు ఇంగ్లీషులో, హిందీలో, మధ్యలో నాలుగు అరబ్బీ ముక్కలతో నడిచేవి. నాకు గుర్తున్నది తెలుగులో కాబట్టి అలాగే రాస్తున్నాను.

క్వాబెనా బ్యాడ్జి మీద విల్సన్ అని ఉండేది. మొదటి వారంలోనే, గేటు దగ్గర లారీలు లేని పూట, అడిగాను.

“ఈ విల్సన్ ఎవరయ్యా?”

“తెలీదు సర్. మా ఇంట్లో ఎవరూ ఆయన్ని చూడలేదు. మా తాతని మిషన్ స్కూల్లో చేర్చుకున్న రోజు వచ్చాడు. తాత అసలు పేరు ఆంపోన్సా. ఆ పేరుతో బెంచీ మీద కూర్చోనివ్వరు. దాన్ని చెప్పుల పక్కన వదిలేసి లోపలికెళ్లాలి. సాయంత్రం బయటికొచ్చి చూస్తే పేరు లేదు.”

“చెప్పులు?”

“చెప్పులున్నాయి సర్.”

నేను బి.ఏ. చరిత్ర. సెకండ్ క్లాస్. మా పాఠ్యపుస్తకంలో ఆఫ్రికా అంటే పోర్చుగీసు ఓడలు ఇండియాకి వచ్చేటప్పుడు తిరిగే మలుపు. మలుపు దగ్గర మనుషులున్నారని పరీక్షలో ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. రువైస్‌లో ఆ పేపరు మళ్లీ రాసే వీలు దొరికింది. ఈసారి ఇన్విజిలేటర్లు ఇద్దరు.

ఆంపోన్సా తాత విల్సన్ పేరుతోనే ఇంగ్లీషువాళ్ల సైన్యంలో చేరాడట. ఓడలో బొంబాయి, అక్కడి నుంచి బర్మా అడవులు. జపానువాళ్లతో యుద్ధం. మిగతావాళ్లకి కంచర గాడిదలు మోసిన బరువు పశ్చిమాఫ్రికా దళాలు తల మీద మోశాయి. పక్కన మన సిపాయిలు. సాయంత్రాలు మనవాళ్లు వాళ్లకి నీళ్లూ బీడీలూ ఇచ్చి, ఈ యుద్ధం అయ్యాక మేం తెల్లవాణ్ణి పొమ్మంటాం, మరి మీరో అని అడిగేవాళ్లట.

“మా తాత మంచం పట్టాక దాహమేస్తే ‘పానీ’ అనేవాడు సర్,” అన్నాడు క్వాబెనా. “అది ఏ భాషో ఇంట్లో ఎవరికీ తెలీదు. మా పెదనాన్న చర్చి పెద్ద. దయ్యం పట్టిందని ప్రార్థన పెట్టించాడు. నేను దోహా వచ్చిన కొత్తలో, అల్ దోహా అల్ జదీదాలో కంపెనీ రూముల కింద మెస్సుకి వెళ్తే, ఒకాయన గ్లాసెత్తి ‘పానీ’ అని అరిచాడు. ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తాత ఇక్కడే ఏదో బల్ల దగ్గర కూర్చున్నాడనిపించింది.”

“ఆయనేమన్నాడు, ఆ పానీ అన్నాయన?”

“దారికడ్డం లేమన్నాడు సర్.”

యుద్ధం అయ్యాక ఏమైందో కూడా చెప్పాడు. తిరిగొచ్చిన సైనికులు పతకాలు పెట్టుకుని, చేతుల్లో ఏమీ లేకుండా, తమకిచ్చిన మాట గుర్తుచేస్తూ అర్జీ పట్టుకుని గవర్నరు కోటకి నడిచారు. దారిలో పోలీసులు కాల్చారు. ముగ్గురు మాజీ సైనికులు పోయారు. తాత వెనక వరసలో ఉన్నాడు.

“వెనక వరసలో ఉన్నాడు కాబట్టే నువ్వు ఇక్కడున్నావు,” అంది వాంజిరు రేడియోలో. జెట్టీ నుంచి అంతా వింటోందని మాకు అప్పుడు తెలిసింది. క్వాబెనా సెట్టు బటన్ మీద వేలు తియ్యటం మర్చిపోయాడు.

“అవును. మా వంశానికి వెనక వరస కలిసొచ్చింది,” అన్నాడు క్వాబెనా.

ఆ కాల్పులతో ఊరు లేచింది. ఊరి తర్వాత దేశం లేచింది. పదేళ్లు తిరక్కుండా తెల్లవాళ్లు జెండా మడిచి తీసుకెళ్లారు. దేశం తన పేరు కూడా మార్చుకుంది.

“మీ ఇంటిపేరు?” అన్నాను.

“దేశం మార్చుకుంది సర్. మా పెదనాన్న ఒప్పుకోలేదు. ఇంగ్లీషువాడికన్నా ఆయన గట్టివాడు.”

ఫిబ్రవరిలో క్వాబెనాకి కొడుకు పుట్టాడు. మొదటి బిడ్డ. శుక్రవారం తెల్లవారుజామున. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు వాళ్ల దగ్గర కోఫీ. ఇందులో ఎవరి ప్రమేయమూ ఉండదు. ప్రాణం ఏ వారం దిగివస్తే ఆ వారమే మొదటి పేరు. మంగళవారం దిగాడు కాబట్టి ఇతను క్వాబెనా. మా దగ్గర నక్షత్రం చూసి మొదటి అక్షరం ఇస్తారని చెబితే, పూర్తి పేరు ఇవ్వకుండా అక్షరం ఇచ్చి ఊరుకోవటం పిసినారితనం కాదా అని అడిగింది వాంజిరు.

రెండో పేరే అసలు సంగతి. పుట్టిన ఎనిమిదో రోజు వరకూ బిడ్డ చుట్టం కింద లెక్క. ఉంటాడో, మర్యాదగా వెళ్లిపోతాడో తెలియదు కాబట్టి బయటికి తీసుకురారు, పేరు పెట్టరు. ఎనిమిదో రోజు తెల్లారగానే వాకిట్లోకి తెచ్చి, పెద్దల ముందు, తండ్రి తెచ్చిన పేరు పెడతారు. తండ్రి నోరు తెరవకపోతే ఇంటి పెద్ద తెచ్చిన పేరు పడుతుంది. ఇంటి పెద్ద పెదనాన్న. ఆయన తెచ్చేది విల్సనే. పడిన పేరు ఇక తియ్యరు.

“ఫోన్లో చెప్పినా చెల్లుతుంది సర్. మా అమ్మ ఒప్పించింది,” అన్నాడు క్వాబెనా. “అక్కడ తెల్లారి ఆరు. ఇక్కడ తొమ్మిది. నేను ఆంపోన్సా అని చెప్పాలి. పెదనాన్న మొహం చూస్తూ చెప్పాలి. ఇప్పటిదాకా ఆయనకి నేను చెప్పిన పెద్ద మాట ‘సరే’.”

ఎనిమిదో రోజు సెలవు ఇచ్చాను. రోస్టర్ నేనే రాశాను. సైన్యంలో ఏదైనా జరిగిన రోజు సున్నా, మర్నాడు ఒకటి. ఆ లెక్కన ఎనిమిదో రోజు శనివారం అయింది. పుట్టిన రోజే ఒకటి అని మా అమ్మయితే వేళ్ల మీద చెప్పేది. క్వాబెనా వాళ్ల భాషలో వారానికి పేరే ఎనిమిది రోజులట. రెండు ఖండాల్లో అందరికీ తెలిసిన లెక్క తెలియనివాళ్లు సైన్యంవాళ్లే. నేను శనివారం అనుకున్నాను, అతను శుక్రవారం అనుకున్నాడు, ఇద్దరం వారమంతా ఎంతో సంతోషంగా ఉన్నాం.

శుక్రవారం ఉదయం ఐదున్నరకి బస్సు రువైస్‌లోనే ఉన్న మా క్వార్టర్స్ ముందు ఆగింది. క్వాబెనా తెల్లని జుబ్బా వేసుకుని, షూ పాలిష్ చేసుకుని, మెట్ల మీద నిలబడి మాకు చెయ్యి ఊపుతున్నాడు.

“యూనిఫాం ఏది?” అన్నాను.

“ఇవాళ నా సెలవు కదా సర్.”

“రేపు.”

అతను వేళ్లు తెరిచాడు. నేనూ తెరిచాను. ఇద్దరం ఒకే వారాన్ని రెండు రకాలుగా లెక్కపెట్టాం. డ్రైవరు హారన్ కొట్టాడు. క్వాబెనా లోపలికెళ్లి యూనిఫాం వేసుకొచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. అంత మనిషి అంత తక్కువ చోటులో కూర్చోవటం నేను చూడలేదు.

శుక్రవారం దోహా నుంచి ఇంకో గార్డు రావాలంటే మధ్యాహ్నం దాటుతుంది. గేటు ఖాళీగా ఉండకూడదు. పోస్టులో ఫోన్ తియ్యకూడదు. ఆరింటికి షిఫ్టు తీసుకున్నాం. ఈశాన్యం నుంచి గాలి, చల్లగా, ఉప్పగా. ఏడున్నర దాకా గోడ మీది ఆర్డర్లు చదివాను. అందులో దారి దొరికింది.

“కంట్రోల్, ఇన్‌చార్జి. తొమ్మిదింటికి క్వాబెనాకి ప్రార్థన రిలీఫ్. పావుగంట. శుక్రవారం పడవలు లేవు కాబట్టి వాంజిరు గేటు తీసుకుంటుంది.”

“ప్రార్థనా? జుమ్మాకి ఇంక శాన టైమున్నది గద సార్.”

“ఇది ఘనా ప్రార్థన.”

మల్లేశు పెన్ను వెతుక్కున్న చప్పుడు వినిపించింది. తర్వాత, “రాసుకున్న సార్. గనీ ఒక ముచ్చట. అల్ సద్ ఆఫీసు డ్రైవర్ మనోడే, ఫోన్ చేసిండు. మేజర్ సాబ్ బైలెల్లిండట. ఇటు దిక్కే.”

శుక్రవారం ఎవరూ తనిఖీకి రారు. ఆయన అందుకే వస్తున్నాడు. మంచి సైనికుడు. నేనైనా అదే పని చేసేవాణ్ణి, అంత దూరం వచ్చే ఓపిక ఉంటే.

తొమ్మిది కాగానే కోల్డ్ స్టోరేజీ గోడ చాటున, పోస్టులన్నిటికీ దూరంగా, సముద్రం కనబడే చోట నిలబడ్డాం. క్వాబెనా ఫోన్‌ని ఒక పుచ్చకాయల పెట్టె మీద నిలబెట్టాడు. రెండు ప్లాస్టిక్ కప్పులు తీశాడు. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో సులేమానీ, అంటే పాలు లేని టీ, చక్కెర కూడా లేకుండా.

“ఇక్కడ సారా మాఫీ సర్, దొరకదు. ఘాటుగా ఏదో ఒకటి ఉండాలి. తాతలు అర్థం చేసుకుంటారు. తండ్రి నిలబడ్డ చోట కూడా భూమికి పొయ్యాలి. నాకన్నా పెద్దవాళ్లు పొయ్యాలి. మీరే.”

“నేను మీవాణ్ణి కాదు కదయ్యా.”

“అడవిలో మా తాతకి మీవాళ్లు నీళ్లు పోశారు. మిగతాది మీరు పొయ్యండి.”

కప్పు తీసుకున్నాను.

ఫోన్లో వాళ్ల వాకిలి వచ్చింది. మసక వెలుతురు, మట్టి నేల, ప్లాస్టిక్ కుర్చీలు, అందరూ తెల్ల బట్టల్లో. నడుమ పెదనాన్న, ఒళ్లో తెల్లగుడ్డ చుట్టిన బిడ్డ. ఆయన పక్కన బల్ల మీద ఆకుపచ్చ సీసా.

“అది మీ ఊరి సారానా?”

“హాలండుది సర్. పాతకాలంలో డచ్చివాళ్లు ఓడల్లో తెచ్చి అలవాటు చేశారు. ఇప్పుడు అది లేకపోతే తాతలు పలకరు. మా స్వాతంత్ర్యంలో ఆ ఒక్క పని ఇంకా పెండింగు.”

వాళ్లు అక్కడ మొదలుపెట్టారు. క్వాబెనా నాకు చెబుతూ వచ్చాడు.

“ముందు కప్పు ఆకాశానికి ఎత్తండి. దేవుడికి చూపిస్తాం. పొయ్యం.”

“ఎందుకని?”

“ఆయనకేం తక్కువ సర్. మర్యాదకి చూపిస్తాం. ఇప్పుడు భూమికి. భూమాత గురువారం పుట్టింది.”

“ఎవరు చూశారు?”

“మా వైపు గురువారం నాగలి పట్టరు. చూడకుండానే సెలవిస్తారా?”

నేలకి పోశాను. చేతికి వేరే పద్ధతి తెలియదు. మా నాన్నకి ఏటా వదిలినట్టే, అరచెయ్యి వాల్చి బొటనవేలి పక్క నుంచి వదిలాను. తర్వాత సులేమానీ కూడా అలాగే. ఫోన్లో కుర్చీలన్నీ ముందుకి జరిగాయి. ఒక ముసలాయన ఏదో అడిగాడు.

“ఇండియాలో తాతలు బొటనవేలి దగ్గర తాగుతారా అని అడుగుతున్నాడు సర్.”

“అవునని చెప్పు. ఎప్పటినుంచో.”

చెప్పాడు. ఆయన తలూపాడు. అక్కడ ఉన్నవాళ్లంతా తథాస్తు లాంటి మాట ఒకటి ఒక్క గొంతుతో అన్నారు. అదే క్షణంలో నా సెట్టు మోగింది.

“గేదెల సార్, గేదెల సార్, కంట్రోల్. కోల్డ్ స్టోరేజీ ఎనక నీళ్లు లీకైతున్నయి. కెమెరాల కనవడ్తున్నది.”

“లీక్ కాదు మల్లేశూ. తాతలు తాగుతున్నారు.”

“ఎవలి తాతలు?”

“అందరి తాతలు. కెమెరా ఇంకోవైపు తిప్పు.”

“తిప్పుతున్న సార్. మా తాతకు గూడ ఇన్ని పొయ్యుండ్రి.”

పోశాను. మల్లేశు తాత సులేమానీ తాగేవాడో లేదో తెలియదు.

అప్పుడు వాంజిరు గొంతు. “ఇన్‌చార్జి, గేటు. ఒక విజిటర్. తెల్ల కారు. పాస్ గడువు నిన్నటితో అయిపోయింది. ఆపరేషన్స్ మేనేజర్‌నని చెబుతున్నాడు.”

నేను సముద్రం వైపు చూశాను. సముద్రం సాయం చెయ్యలేదు. “ఆర్డర్ ఏమంటోంది?”

“ఆర్డర్ ఆయనే రాశాడు. చదివి వినిపించాను. ‘నాతో సహా’ అన్న దగ్గర ఆయనే ఆపి మళ్లీ చదివించుకున్నాడు.”

“అయితే అల్ సద్ ఆఫీసు నుంచి కన్ఫర్మేషన్ రావాలి. కంట్రోల్, ఆఫీసుకి ఫోన్ చెయ్యి.”

“చేస్త సార్,” అన్నాడు మల్లేశు. “శుక్రారం గద, లేవరు. నిమ్మళంగ చేస్త.”

“మా అమ్మమ్మ, తెల్లవాళ్ల మీద తిరగబడి అడవిలో దాక్కున్న మావాళ్లకి అన్నం మోసేది,” అంది వాంజిరు, సెట్టులో, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు. “దారిలో ఇంగ్లీషువాళ్ల చెక్‌పోస్టులో బుట్ట దించి, కాగితం చూపించి, వాళ్లు చూసేదాకా ఎండలో నిలబడేది. ఈయనకి నేను కుర్చీ వేశాను. నీళ్లు కూడా ఇచ్చాను.”

చరిత్ర అప్పుడప్పుడు షిఫ్టు మారుతుంది. ముందుగా రోస్టర్ వెయ్యదు, అంతే.

ఫోన్లో పెదనాన్న వేలు నీళ్లలో ముంచి బిడ్డ నాలిక మీద ఒక చుక్క వేశాడు. క్వాబెనా నెమ్మదిగా చెప్పాడు: “నీళ్లయితే నీళ్లని చెప్పు, అంటున్నాడు.” బిడ్డ ఆలోచించాడు. తర్వాత ఆకుపచ్చ సీసాలోంచి చుక్క. “సారా అయితే సారా అని చెప్పు. ఎవరు అడిగినా, ఎంత పెద్దవాడు అడిగినా.” బిడ్డ మొహం ముడుచుకుని, హాలండు గురించి తన అభిప్రాయం గట్టిగానే చెప్పాడు. వాకిలంతా నవ్వింది. పెదనాన్న నవ్వలేదు. తలెత్తి ఫోన్ వైపు చూశాడు.

“తండ్రి ఏ పేరు తెచ్చాడు అని అడుగుతున్నాడు సర్,” అన్నాడు క్వాబెనా నాతో. నాతో ఎందుకన్నాడో అతనికే తెలియదు. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. పెదనాన్న ఇంకోసారి అడిగాడు. ఇక మూడోసారి అడగడు. ఆయన బిడ్డని పైకెత్తుకుని నోరు తెరిచాడు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఇరవై ఏళ్లు తీగల చివర, గాలిలో, మంచులో, అవతలివాడి గొంతు పోయినప్పుడల్లా చెప్పిన మాటే చెప్పాను, సెట్టులో చెప్పినట్టే.

“క్వాబెనా, నీ మెసేజ్ చెప్పు. ఓవర్.”

అతను అటెన్షన్‌లోకి వచ్చాడు. మడమలు కలిసిన చప్పుడు గోడకి తగిలి తిరిగొచ్చింది. లైబ్రరీ గొంతు కాదు ఈసారి. జెట్టీ మీది కొంగలు లేచాయి.

“కోఫీ ఆంపోన్సా.”

పెదనాన్న బిడ్డని దించి, ఏదో పొడవుగా అన్నాడు. క్వాబెనా దానికి జవాబిచ్చాడు, ‘సరే’ కన్నా పెద్ద జవాబు. తర్వాత నాకు అర్థం చెప్పాడు. ఆ పేరు చర్చి పుస్తకంలో లేదు, అది అడివి పేరు అన్నాడట ఆయన. ఇతనన్నాడట: విల్సన్ పేరుతో తాత వాళ్ల యుద్ధం చేశాడు. విల్సన్ పేరుతో వాళ్ల తూటాల ముందు నడిచాడు. ఆ పేరు వాళ్ల పని పూర్తిగా చేసిపెట్టింది, ఇక దానికి రిటైర్మెంట్ ఇద్దాం. వాళ్లు ముట్టుకోని పేరు మనింట్లో ఒక్కటే మిగిలింది. చుట్టం ఇంట్లోనే ఉండిపోతానంటున్నాడు, పాత పేరు మనం ఇవ్వకపోతే ఎవరిస్తారు.

పెదనాన్న మళ్లీ నోరు తెరిచాడు. ఈలోపు కుర్చీల వెనక గోడ నీడలోంచి ఎవరో ఆ పేరు పలికారు. సన్నని గొంతు. అందరూ వెనక్కి తిరిగారు. బాగా ముసలావిడ, తెల్లచీర లాంటి గుడ్డ చుట్టుకుని, గోడకి ఆనించిన బల్ల మీద కూర్చుని ఉంది. తాత భార్య. పెదనాన్నని కన్నతల్లి. ఎన్నో ఏళ్లుగా ఆ పేరుని ఆవిడ పైకి అనలేదని క్వాబెనా చెప్పాడు. మళ్లీ అంది. ఈసారి పిలిచినట్టు, పెరట్లో ఉన్న మనిషిని భోజనానికి పిలిచినట్టు. చేతికర్ర పక్కన పెట్టి లేచింది. వద్దంటూ ఇద్దరు ఆడవాళ్లు పట్టుకోబోయారు. విదిలించుకుని ముందుకొచ్చింది. ఎవరో డప్పు లాంటిది అందుకున్నారు. పెదనాన్న తల్లికి దారి ఇస్తూ కుర్చీ జరుపుకున్నాడు.

అక్కడితో లైన్ తెగింది. మళ్లీ కలపటానికి ప్రయత్నించాం. పావుగంట అయిపోయింది. క్వాబెనా ఫోన్ జేబులో పెట్టుకుని, గోడ వైపు తిరిగి, కాసేపు గోడనే చూశాడు. తర్వాత గేటుకి నడిచి వెళ్లి రిలీఫ్ ముగిసిందని రిపోర్టు చేశాడు. నడుస్తున్నాడా, చిందేస్తున్నాడా అంటే చెప్పటం కష్టం. మధ్యలో ఒకచోట నడుం తిప్పాడు.

ఆఫీసు కన్ఫర్మేషన్ కూడా అప్పుడే అందింది. మల్లేశు టైమింగుకి ఎప్పుడూ వంక పెట్టలేదు నేను.

మేజర్ లోపలికి వచ్చాడు. వాంజిరు దగ్గర ఆగి, తను చూసిన గేటు డ్రిల్లుల్లో ఇది మొదటి వరసలోది అన్నాడు. ఆమె థాంక్యూ చెప్పి, పాస్ రెన్యువల్‌కి ఏయే కాగితాలు కావాలో ఆయనకి వివరించింది. యార్డంతా తిరిగాడు. కోల్డ్ స్టోరేజీ వెనక తడి నేల దగ్గర నిలబడ్డాడు.

“ఇక్కడేమైంది?”

“నీళ్లు పోశాం సర్. ఇక్కడ నిలబడినవాళ్లకి.”

ఆయన తడినీ, పెట్టె మీది రెండు కప్పులనీ, నన్నూ చూశాడు. ఏం అర్థమైందో తెలియదు. టోపీ సర్దుకుని, కానివ్వండి అన్నాడు.

మధ్యాహ్నం క్వాబెనా వాళ్లమ్మ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పేరు ఆంపోన్సాయే. పెదనాన్న విందులో అందరితో కూర్చుని తిన్నాడట, రెండోసారి వడ్డించుకున్నాడట. వాళ్ల వైపు దానికి మించిన సంతకం లేదన్నాడు క్వాబెనా. సాయంత్రానికి వాంజిరు తెల్ల ప్లాస్టర్ ముక్క మీద పెన్నుతో రాసి అతని బ్యాడ్జి మీద అంటించింది: కోఫీ నాన్న. కంపెనీ రూల్సులో దానికి చోటు లేదు. మల్లేశు రేడియోలో ఆ పేరే పట్టుకున్నాడు.

“కోఫీ నాయిన, కోఫీ నాయిన, కంట్రోల్. పుచ్చకాయ లారీ వస్తున్నది. పేరు రెండుమాట్లు పిలిచిన, మంచిగనే ఉన్నది గద?”

“మాఫీ ముష్కిల్ మల్లేశ్. ఇంకోసారి పిలువు,” అన్నాడు క్వాబెనా.

నా కాంట్రాక్టు ఆగస్టులో ముగిసింది. బస్సు, దోహా, విమానం, విశాఖపట్నం. క్యాంపు సామాను అప్పగించి సంతకం పెట్టాను. ముగ్గురూ బస్సు దాకా వచ్చారు. వాంజిరు నా పాస్ గడువు చూసి, ఇంకా రెండు రోజులుంది, ఉండొచ్చు అంది.

ఊళ్లో ఎవరైనా అడిగితే కొండల గురించి నాలుగు మాటలు చెబుతాను. వాళ్ల కోసం. నాతో ఉండిపోయింది వేరే. లైన్ తెగిన క్షణంలో ఫోన్ తెర మీద బొమ్మ అలాగే ఆగిపోయింది. ఎర్రమట్టి వాకిలి, అప్పుడే పడుతున్న వెలుతురు, గాల్లో విప్పారిన తెల్లగుడ్డ అంచు. నడుం వంచి, రెండు చేతులూ పక్కకి చాచి, ఆ ముసలావిడ ఒక కాలు ఎత్తింది. మడమకి మట్టి అంటుకుని ఉంది. మొహం నవ్వుతోంది, పళ్లు రెండే కనబడుతున్నాయి. ఎత్తిన కాలు నేల మీద పడకముందే సిగ్నల్ పోయింది. ఇరవై ఏళ్లు సిగ్నల్స్‌లో చేసినవాడిగా చెబుతున్నాను, అంతకన్నా మంచి చోట లైన్ తెగటం నేను చూడలేదు. నాకు తెలిసినంతవరకూ ఆ పాదం ఇంకా గాల్లోనే ఉంది.